కోరంగి రేవు

అమలాపురమునుండి ముమ్మిడివరము మీదుగా నెదుర్లంక చేరి, గౌతమిపై బాలయోగి వారధిని దాటినచో యానాము వచ్చును. అచ్చటికి స్వల్పదూరమున, తాళ్లరేవు చెంత, కోరంగి గ్రామము గలదు. విద్యార్థులతో నచ్చటికి పోయినప్పు డొక బాలుడు "అయ్యా, రేవు ఎక్కడ నున్నది?" అని యడిగెను. చుట్టును బురదకాలువలును మడచెట్లును దక్క మఱేమియు లేవు. ఆ ప్రశ్నకు సమాధానమే యీ వ్యాసము.

మన తీరవాసులకు సముద్రయానము క్రొత్తగాదు. శాతవాహనుడగు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కొయ్యల యోడ ముద్రింపబడియున్నది. కోనసీమలో వైనతేయ తీరమున ఆదుఱ్ఱునందు బౌద్ధస్తూప శిథిలములు నేటికిని గలవు. 18వ శతాబ్దమున కోరంగి ఓడలను కట్టుటకును, బాగుచేయుటకును ప్రసిద్ధికెక్కెను. బర్మాకు పోయిన తెలుగువారికి "కోరంగీలు" అను పేరు వచ్చుటయు నీ యూరివలననే.

ఇట్టి రేవు రెండు కారణములచే నశించెను. మొదటిది ఉప్పెన. పెనుగాలి సముద్రజలమును తీరమువైపు నెట్టును. లోతు తక్కువగుటచే నీరు వెనుకకు మరల వీలులేక గుట్టగా లేచి, పల్లపు నేలపై బడును. 1789 డిసెంబరునందును, 1839 నవంబరు 25వ తేదీనను కోరంగి యిట్లే మునిగెను. ఈ గాలివానలను బరిశీలించిన హెన్రీ పిడింగ్టను దొరయే, సర్పము చుట్టను దలచి, "సైక్లోను" అను పదమును గల్పించి 1848లో దన గ్రంథమున బ్రకటించెను.

రెండవది ఒండ్రు. గౌతమి తెచ్చిన మన్ను మొగను పూడ్చగా పెద్దయోడలు కాకినాడకు దరలెను. విచిత్రమేమనగా, ఆ నది యిసుకనే అలలు ఉత్తరమునకు గొనిపోయి, సుమారు 16 కిలోమీటర్ల పొడవున హోపుద్వీపముగా బేర్చినవి. అదియే కాకినాడ అఖాతమునకు గోడవలె నిలిచి, అలల తాకిడిని మాన్పుచున్నది. ఒక రేవును దీసికొన్న నదియే మఱియొక రేవును గాపాడుచున్నది.

పూడిన బురదలో మడయడవి పెరిగెను. దాని వేళ్లు మన్నును బట్టియుంచి, అలల వేగమును దగ్గించును. 1978లో ప్రభుత్వమువా రీ యడవిని అభయారణ్యముగా బ్రకటించిరి.

1996 నవంబరు 6వ తేదీ తుపాను మన కోనసీమలో నెన్ని కుటుంబములను దుఃఖమున ముంచెనో తలిదండ్రు లెఱుగుదురు. కావున విద్యార్థులారా! వంటచెఱకుకై మడచెట్టును నఱకుట మన యింటిగోడను మనమే త్రవ్వుకొనుట యని గ్రహింపుడు. రేవు పోయినను, దాని స్థానమున మొలచిన యా యడవి మనకు కావలి గాయుచున్నది.