లెక్కల పట్టికలో నిలువు వరుసలు: చిక్కులు, సవరణలు

గ్రామ కరణముల లెక్కపుస్తకములను చూచినవారికి నిలువు వరుస యనగానేమో వేరుగా చెప్పనక్కరలేదు. అడంగలునందు సర్వే నంబరున కొక వరుస, విస్తీర్ణమున కొకటి, పట్టాదారు పేరున కొకటి, అనుభవదారు పేరునకు మరియొకటి, పైరున కింకొకటి ఉండెడివి. గీతలతో కూడిన కాగితములు అచ్చై వచ్చెడివి. ఏ సంగతిని ఆ గడిలో వ్రాయుటయే కరణము చేయవలసిన పని. 1984లో కరణ మునసబు పదవులు రద్దయినవి. 2019 అక్టోబరు 2వ తేదీనుండి గ్రామ సచివాలయములు వెలసినవి. లెక్క కాగితమును విడిచి కంప్యూటరునకు చేరినది. నిలువు వరుస మాత్రము అట్లే నిలిచియున్నది, దానితోపాటు కొన్ని క్రొత్త చిక్కులును వచ్చినవి.

సచివాలయ ఉద్యోగులే గాక, పొదుపు సంఘముల సోదరీమణులు, చేపల చెరువుల లెక్కలు చూచు యువకులు, సహకార సంఘముల గుమాస్తాలు నేడు ఎక్సెల్ వంటి పట్టికలను వాడుచున్నారు. అందొక్క పుటలో 16,384 నిలువు వరుసలు, 10,48,576 అడ్డు వరుసలు కలవు. కొల్లేటి లంకల జనమందరిని ఒక్క పుటలో ఎక్కించినను చోటు మిగులును. కనుక చోటునకు కొదువ లేదు. చిక్కంతయు మరియొక చోటనున్నది. కాగితము మనము వ్రాసినదానిని వ్రాసినట్లు ఉంచును. కంప్యూటరు దానికి తనకు తోచిన అర్థము చెప్పుకొనును.

సర్వే నంబరునే తీసికొందము. 12వ నంబరులో 3వ సబ్ డివిజనును మనము 12-3 అని గాని, 12/3 అని గాని వ్రాయుదుము. కంప్యూటరు దానిని మార్చి 12వ తేదీగా గ్రహించి అట్లే చూపును. 145-2 అని కొట్టినచో అట్టి తేదీ లేదు గనుక మార్పు చేయదు. ఇందువలన ఒకే వరుసలో కొన్ని నంబర్లు సరిగానుండి, కొన్ని తేదీలై పోవును. సగము సరిగా కనబడు పట్టికను ఎవరును అనుమానింపరు, అపాయమంతయు అక్కడనే. పోనీ, తప్పును కనుగొని ఆ వరుసను అక్షరరూపమునకు మార్చినచో పాత నంబరు వచ్చునా? రాదు. 2025వ సంవత్సరములో అట్లు కొట్టియుండినచో 45728 అను అంకె వచ్చును. కంప్యూటరు తేదీలను 1900 జనవరి 1 మొదలుకొని దినముల లెక్కగా దాచుకొనుటయే దీనికి కారణము. ఈ 45728ని చూచిన క్రొత్తవారు అదియొక సర్వే నంబరే యనుకొన్నను ఆశ్చర్యము లేదు. పైరు నమోదునకు, ధాన్యపు అమ్మకమునకు, వరదనష్టపు పరిహారమునకు సర్వే నంబరే ఆధారమైనప్పుడు ఇది చిన్న పొరపాటు కాదు.

ఈ బాధ మనకొక్కరికే కలిగినది కాదు. మానవ జన్యువులకు పేర్లు పెట్టు అంతర్జాతీయ సంఘమువారు, మార్చ్ 1 వంటి పేర్లను పట్టికలు తేదీలుగా మార్చివేయుచుండుటచే, 2020లో ఆ పేర్లనే మార్చుకొనిరి. మన భూముల నంబర్లను అట్లు మార్చుకొనుటకు వీలు లేదు. కావున అంకెలు ఎక్కింపకమునుపే ఆ నిలువు వరుస నంతటిని ఎన్నుకొని, 'ఫార్మాట్ సెల్స్' అనుచోట 'టెక్స్ట్' అని నిర్ణయింపవలెను. మునుపే యనుమాట ముఖ్యము.

బ్యాంకు ఖాతా నంబరు వరుసకును ఇదే మందు. ఖాతా సున్నతో మొదలైనచో, కంప్యూటరు దానిని వట్టి అంకెగా నెంచి ఆ సున్నను తీసివేయును. పదునారు అంకెల ఖాతాయైనచో పదునైదింటినే నిలుపుకొని చివరిదానిని సున్న చేయును. పండ్రెండంకెల ఆధార్ సంఖ్యను సంక్షిప్తము చేసి, నడుమ 'ఇ' అను ఆంగ్లాక్షరముతో చూపును. అసలు సంఖ్య లోపల చెడదు గాని ఆ రూపమున అచ్చైనచో ఎవరికిని పనికిరాదు. గడినిండ చిల్లుగుర్తులు కనబడినచో మాత్రము భయపడవలదు. వరుస ఇరుకైనదని అర్థము. శీర్షికపైనున్న గీతపై రెండుమారులు నొక్కిన చాలును.

విస్తీర్ణమును గూర్చి ఒకమాట. రెండెకరముల యేబది సెంట్లను 2.50 అని కొట్టగా కంప్యూటరు 2.5 అని చూపును. దానిని రెండెకరముల ఐదు సెంట్లని చదువువారు లేకపోలేదు. దశాంశ స్థానములు రెండుండునట్లు నిర్ణయించిన ఈ చిక్కు తీరును. చింతలపూడి దాటి ఖమ్మము జిల్లాలో అడుగిడినచో లెక్కయే వేరు. అక్కడ ఎకరమునకు నలుబది గుంటలు. 1.30, 1.20 అను రెండు కమతములను కూడుమన్నచో యంత్రము 2.50 అనును, నిజమునకు అది మూడెకరముల పది గుంటలు. ఎకరములకొక వరుస, గుంటలకొక వరుస పెట్టుటయే తగును. అట్లే ధాన్యపు లెక్కలో '30 బస్తాలు' అని గడిలో వ్రాసినచో అది మాటయగును గాని అంకె కాదు. మొత్తము కట్టునప్పుడు కంప్యూటరు దానిని చెప్పకుండ వదలివేయును. బస్తాయో క్వింటాలో శీర్షికలో వ్రాసి, గడిలో అంకెనే ఉంచవలెను.

2024 సెప్టెంబరులో బుడమేటి వరద కొల్లేటికి దిగినప్పటివలె జాబితాలు త్వరగా కావలసినపుడు, పేర్లను అకారాది క్రమమున సర్దుట సామాన్యము. పేర్ల వరుస నొక్కదానినే సర్దినచో పేర్లు కదలును, ఖాతాలు పాతచోటనే నిలుచును. పట్టిక చూపునకు ముచ్చటగానే యుండును. ఒకరి సొమ్ము మరియొకరి ఖాతాకు పోవును. ప్రక్క వరుసలను గూడ కలుపవలెనా యని కంప్యూటరు అడుగును గాని, అందము కొఱకు నడుమ ఖాళీ వరుస విడిచినచో అదియు నడుగదు, ఖాళీకి ఆవలిదానిని వేరొక పట్టిక యనుకొనును. ఖాళీ వరుసలు విడువరాదు. సర్దుటకు ముందు ఒక ప్రతిని వేరుగా దాచియుంచవలెను.

ఊరి పేర్లు మరియొక తంటా. తాడేపల్లిగూడెమును ఒకరు గూడెమనియు, ఒకరు టి.పి. గూడెమనియు వ్రాయుదురు. మనకన్నియు నొకటే, యంత్రమునకు మూడు ఊళ్లు. పేరు చివర కనబడని ఖాళీ యున్నను నాలుగవ ఊరు పుట్టును. 'డేటా వ్యాలిడేషన్' ద్వారా పేర్ల జాబితాను ముందే ఇచ్చి, అందుండి ఎన్నుకొనునట్లు చేయుట మేలు.

అర్జీలలో, తీర్మానములలో నిలువు వరుసలను ఖాళీమీటతో జరిపి తీర్చరాదు. తెలుగు అక్షరముల వెడల్పు ఒక్కతీరుగా నుండదు. అక్షరపు అచ్చు మారగానే వరుసలు వంకరపోవును. అక్కడను పట్టికనే వేయవలెను. అచ్చు తీయునపుడు కాగితమును అడ్డముగా పెట్టి, అన్ని వరుసలును ఒకే పుట వెడల్పులో ఇముడునట్లు నిర్ణయింపవలెను. లేనిచో పేర్లొక కాగితమునను, మొత్తములు వేరొక కాగితమునను వచ్చును.

గోడపై అతికించు జాబితాలో పూర్తి ఆధార్, ఖాతా సంఖ్యలు ఉండరాదు. ఆ వరుసలను 'హైడ్' చేసి ఫైలును ఇతరులకు పంపుట కొందరి అలవాటు. అట్లు దాచిన వరుసను అందుకొన్నవారెవరైనను ఒక్క నొక్కుతో తెరచి చూడవచ్చును. పంపవలసిన ప్రతినుండి ఆ వరుసలను పూర్తిగా తొలగించి, పిమ్మటనే పంపవలెను.