ముడసర్లోవ గట్టు మీద నిలబడి మన పొలం చెరువు గురించి

వీడియోలో నా వెనక కనిపిస్తున్నది విశాఖపట్నం ముడసర్లోవ రిజర్వాయరు. లోవ అంటే కొండల మధ్య పల్లం. ఆ పల్లంలో వాననీటిని ఆపి నగరానికి తాగునీళ్లిచ్చిన పాత చెరువిది. పక్కన పార్కు ఉంది. నీళ్ల మీద తేలే 2 మెగావాట్ల సోలార్ ప్లాంటు 2018లో వచ్చింది. నీటికాకులు, కొంగలు మాత్రం వాటి పనిలో అవి ఉన్నాయి.

"ఇలాంటిది చిన్నగా మా పొలంలో కట్టుకోవచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. కట్టుకోవచ్చు. కానీ వరద ఆపాలంటే చెరువులో ఖాళీ ఉండాలి. తెప్ప తిప్పాలంటే నిండుగా ఉండాలి. కొంగలకి రెండూ అక్కర్లేదు, మోకాలి లోతు అంచులు చాలు.

లెక్క చూడండి. 20 ఎకరాల కొండవాలు మీద 10 సెంటీమీటర్ల వాన పడి, సగం పారి వచ్చినా సుమారు 40 లక్షల లీటర్లు. ఎకరం చెరువులో మట్టం ఒక మీటరు లేస్తుంది! అందుకే గట్టులో సగం ఎత్తున ఒక గొట్టం పెట్టాలి. మామూలప్పుడు నీళ్లు అక్కడిదాకే. పెద్ద వానకి పైభాగం నిండి, తర్వాత ఆ గొట్టంలోంచి నెమ్మదిగా దిగుతుంది. అదీ చాలకపోతే అలుగు.

ఆ అలుగు దగ్గరే నేను పీనాసితనం చేశాను. జాగా పోతుందని రెండడుగులే వదిలాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. నీళ్లు గట్టు మీంచి పొర్లి, తెల్లారేసరికి గండి పడింది. కింద పక్కాయన వరిచేనంతా ఇసకమేట. ఆయన ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ బాధ. ఇప్పుడు అలుగు పన్నెండడుగులు, అడుగున రాతి పేర్పు.

ఇంకోటి, మీకు నచ్చదు. గట్టు మీద చెట్లు వద్దు. నాకూ చెట్లంటే ప్రాణమే. కానీ చెట్టు చచ్చాక వేళ్లు కుళ్లి, ఆ సందుల్లోంచి నీళ్లు దారి చేసుకుంటాయి. గట్టుకి గరిక, వట్టివేరు వెయ్యండి. చెట్లు గట్టుకి దూరంగా పెంచండి.

వానాకాలంలో గట్టు కిందవైపు పాదం రోజూ చూడండి. తేట ఊట కొంచెం వస్తే కంగారు లేదు, పెరుగుతోందా అని గమనించండి. మురికిగా వస్తే లోపల మట్టి పోతోందన్నమాట, వెంటనే మదుము తీసి నీళ్లు దించెయ్యండి.