డ్రోన్ యాక్సెసరీలు: ఆ కొన్ని గ్రాముల తేడాతో రూల్సే మారిపోతాయ్.. కొనేముందు ఇవి తెలుసుకోండి

అరకు అయినా, లంబసింగి అయినా.. ట్రిప్‌కు వెళ్లే కుర్రకారు బ్యాగులో ఇప్పుడు ఓ చిన్న డ్రోన్ కనిపిస్తోంది. డ్రోన్ కొన్న వెంటనే ఆన్‌లైన్‌లో యాక్సెసరీల వేట మొదలవుతుంది. లైట్లు, ప్రొపెల్లర్ గార్డులు, పెద్ద బ్యాటరీ.. ఏది చూసినా కొనాలనే అనిపిస్తుంది. వీటిలో కొన్ని డ్రోన్‌ను కాపాడతాయి. మరికొన్ని మాత్రం కొత్త చిక్కులు తెచ్చిపెడతాయి.

250 గ్రాముల గీత

చాలా చిన్న డ్రోన్లు 249 గ్రాముల బరువుతోనే ఎందుకొస్తాయో తెలుసా? మన దేశంలో డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం 250 గ్రాముల వరకు 'నానో' కేటగిరీ. అది దాటి 2 కిలోల వరకు 'మైక్రో'. నానోకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా తప్పనిసరి కాదు. మైక్రోకు ఇన్సూరెన్స్ ఉండాల్సిందే. డబ్బులు తీసుకుని షూట్ చేస్తే సర్టిఫికెట్ కూడా కావాలి.

లెక్కలోకి వచ్చేది ఖాళీ డ్రోన్ బరువు కాదు, దానికి తగిలించిన వాటితో కలిపి వచ్చే మొత్తం బరువు. అంటే 249 గ్రాముల డ్రోన్‌కు చిన్న లైటో, గార్డులో బిగించినా గీత దాటేసినట్టే. ఎక్కువసేపు ఎగిరే 'ప్లస్' బ్యాటరీ వేసినా అంతే. అందుకే ఏది కొన్నా ముందు కిచెన్ స్కేల్ మీద పెట్టి తూచి చూసుకోవడం మంచిది.

ముందు కొనాల్సింది బ్యాటరీలే

కంపెనీ చెప్పే 30 నిమిషాలు గాలి లేనిచోట లెక్క. బయట గాలి వీస్తుంటే అంతసేపు రాదు. ఒరిజినల్ బ్యాటరీలు అదనంగా రెండు ఉంటే ఛార్జింగ్ అయిపోతోందన్న కంగారు ఉండదు. వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా పంపి, గాలివాలున వెనక్కి తెచ్చుకోవాలి. రివర్స్‌లో చేస్తే తిరిగొచ్చేటప్పుడు ఛార్జింగ్ చాలక డ్రోన్ చెరువులోనో, చెట్టు మీదో పడుతుంది. 30 శాతం దగ్గరకు రాగానే దింపేయడం సేఫ్.

ఉబ్బిన బ్యాటరీని ఎట్టి పరిస్థితుల్లో వాడొద్దు. నిప్పంటుకునే ప్రమాదం ఉంది. విమానంలో వెళ్తే విడి బ్యాటరీలు క్యాబిన్ బ్యాగులోనే పెట్టుకోవాలి, చెక్-ఇన్ లగేజీలో కుదరదు.

మడత ల్యాండింగ్ ప్యాడ్

చూడ్డానికి గుడ్డముక్కలా ఉంటుంది గానీ బాగా పనికొస్తుంది. డ్రోన్ లేచేటప్పుడు రెక్కల గాలికి దుమ్ము, ఇసుక పైకి లేచి మోటార్లలో, కెమెరా గింబల్‌లో చేరతాయి. బీచ్ ఇసుకలో ఇనుప రేణువులుంటే మోటార్‌లోని అయస్కాంతాలకు అంటుకుపోతాయి. పైగా దింపాల్సిన చోటు పై నుంచి స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రొపెల్లర్లు.. వెంట్రుకంత గీత ఉన్నా మార్చాల్సిందే

అంచు కాస్త చిట్లినా వైబ్రేషన్ వచ్చి వీడియో వణుకుతుంది. గాల్లో విరిగితే డ్రోన్ నేరుగా కిందకే. అందుకే స్పేర్ సెట్, చిన్న స్క్రూడ్రైవర్ బ్యాగులో ఉండాలి. సంక్రాంతి రోజుల్లో మరీ జాగ్రత్త. మాంజా దారం కెమెరాలో కనిపించదు, రెక్కకు చుట్టుకుంటే మోటార్ ఆగిపోతుంది.

వీడియో బాగా రావాలంటే

మిట్టమధ్యాహ్నం తీసిన వీడియో గతుకులుగా కనిపించడానికి కారణం షట్టర్ స్పీడ్ పెరిగిపోవడం. 30 ఫ్రేమ్‌లలో తీసేటప్పుడు షట్టర్ 1/60 దగ్గర ఉంటే కదలిక సహజంగా ఉంటుంది. ఎండలో అది సాధ్యం కావాలంటే కెమెరాకు కూలింగ్ గ్లాస్ లాంటి ఎన్‌డీ ఫిల్టర్ పెట్టాలి. ఇది ఆ మోడల్ కోసం చేసిందే కావాలి. బరువు తేడా వస్తే గింబల్ మొరాయిస్తుంది. 4కే వీడియోకు వీ30 గుర్తున్న మెమరీ కార్డు తీసుకోవాలి.

మన ఎండలతో జాగ్రత్త

చాలా చిన్న డ్రోన్ల మాన్యువల్‌లో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలే. ఏప్రిల్, మే నెలల్లో తెలుగు రాష్ట్రాల్లో మధ్యాహ్నం అది దాటిపోతుంది. ఉదయం, సాయంత్రమే ఎగరేయడం మేలు. మూసి ఉన్న కారులో బ్యాటరీలు వదిలేయొద్దు.

ఎగరేసే ముందు మ్యాప్ చూడాల్సిందే

కేంద్రం డిజిటల్ స్కై మ్యాప్‌లో గ్రీన్ జోన్ అయితే 400 అడుగుల ఎత్తు వరకు అనుమతి అక్కర్లేదు. ఎయిర్‌పోర్టు సరిహద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆ పరిమితి 200 అడుగులే. 8 కిలోమీటర్ల లోపు అయితే నేల మీంచి లేవాలన్నా అనుమతి కావాలి. రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. రూల్స్ తప్పితే లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు స్పేర్ బ్యాటరీ, రెక్కల సెట్, ల్యాండింగ్ ప్యాడ్ ఉంటే చాలు. ఇవేవీ డ్రోన్ బరువు పెంచవు. మెరిసే లైట్లు, గార్డులు లాంటివి తూకం వేశాకే తగిలించాలి.