ఓరుగంటి మిల్లుకూత

పటాన్‌చెరు, పాశమైలారము, సంగారెడ్డి ప్రాంతములందు కాపురముండు ఇల్లాండ్రకు కర్మాగారపు షిఫ్టు ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. యజమాని బయలుదేరు వేళను బట్టి పొయ్యి రాజవలెను. రాత్రి షిఫ్టు ముగించి వచ్చినవాడు పగలు నిద్రించుచుండగా పిల్లల నోళ్లు మూయింపవలెను. అయినను అచట కర్మాగారములు అనేకములు. ఒకటి మూతపడిన మరియొకదాని వాకిట నిలువవచ్చును. ఒక్క మిల్లునే నమ్ముకొని పేటలు వెలసిన చోట ఏమగునో తెలియగోరువారు ఓరుగంటి కథ వినవలెను.

1934లో నైజాము ప్రభువు మీర్ ఉస్మాన్ అలీఖాన్ వరంగల్లున నూలు మిల్లు నెలకొల్పి, తన పెద్దకుమారుడైన ఆజంజా పేరు దానికి పెట్టెను. చోటు చక్కగా ఎంచిరనియే చెప్పవలెను. చుట్టుప్రక్కల నల్లరేగళ్లలో ప్రత్తి పండును. తరతరములుగా మగ్గమెరిగిన పద్మశాలీలు కలరు. 1929లో కాజీపేట–బల్లార్షా మార్గము పూర్తియగుటచే ఉత్తరాదికిని రైలుదారి కుదిరెను. ఒక వాకిట ప్రవేశించిన ప్రత్తి ఏకబడి, వడకబడి, కండెలకెక్కి, మరమగ్గములపై గుడ్డయై మరియొక వాకిట వెలువడెడిది.

నార్వే దేశమున దాలె అను లోయ గ్రామము కూడ ఇట్లే, 1879లో పీటర్ జెబ్సెన్ స్థాపించిన మిల్లు చుట్టును పెరిగెను. అచట ఏటినీటి బలము యంత్రములను త్రిప్పినది. దేశములు వేరైనను, మిల్లునంటి కార్మికుల ఇండ్లు, ఇండ్లనంటి అంగళ్లు, జీతపు రోజున కళకళలాడు వీధి, అన్నియు ఒక్క తీరే.

ఓరుగంటివారికి మిల్లుకూతయే గడియారము. మిల్లులో పనిలేనివారు కూడ ఆ కూత విని లేచెడివారు. కూతకు ముందే అన్నము వార్చి, సద్ది కట్టి ఈయవలసినది ఇల్లాలు. ఆమె పేరు ఏ హాజరు పట్టీలోను లేదు. అయినను ఆమె చేయి ఆలస్యమైనచో మగ్గము ఆలస్యమగును. మన దేశపు నూలు మిల్లులలో తొలుత స్త్రీలును కండెలు చుట్టుచుండిరి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వారికి రాత్రి పనిని నిషేధించెను. మేలు తలచి చేసిన నిషేధమే కాని, మూడు షిఫ్టులు నడుపు యజమానులకు స్త్రీని వద్దనుటకు అదియొక సాకైనది. క్రమముగా మిల్లు మగవారి తావయ్యెను.

1974లో మిల్లు జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చెను. ప్రభుత్వపు కొలువని కార్మికులు నిశ్చింతగా నుండిరి. కాని పాతబడిన యంత్రములు పాతబడియే యుండెను. చిన్న చిన్న మరమగ్గపు షెడ్లలో నేసిన చవుకగుడ్డయు, పాలియెస్టరు బట్టయు అంగడిని ఆక్రమించెను. 2002లో మిల్లు మూతపడెను. ఏకమొత్తముగా కొంత సొమ్ము చేతికిచ్చి కార్మికులను సాగనంపిరి.

ఆ సొమ్ము మగవాని చేతికి వచ్చినది. నెలనెల ఇంటిని నడుపుట ఆడుదాని పాలబడినది. ఏకమొత్తము అప్పులకును పెండ్లిండ్లకును చాలును గాని, ప్రతినెల బియ్యమునకు చాలదు. చేతిపని నేర్చిన ఇల్లు తేరుకొనును. నేర్వని ఇల్లు ఏమి కావలెను? పూర్వమే షోలాపురము, భీవండి, సూరత్తులకు పోయిన నేతగాండ్ర బాట ఎదుట ఉండనేయున్నది. ఇంటి స్థలముల కొరకు కార్మికులు ఏండ్ల తరబడి పోరాడిరి. షెడ్లు నేలమట్టమై, మిల్లు భూమిలో కొంత ఇండ్ల స్థలములుగా మారెను. మిల్స్ కాలనీ అను పేరు మాత్రము పోలీసు ఠాణా పలకపై నిలిచినది.

2017 అక్టోబరులో గీసుగొండ, సంగెం మండలముల నడుమ కాకతీయ జౌళి పార్కునకు శంకుస్థాపన జరిగినది. సూరత్తు, భీవండి పోయినవారిని తిరిగి రప్పింతుమనిరి. కేరళ నుండి కిటెక్సు, కొరియా నుండి యంగ్‌వన్ కంపెనీలు అచటికి వచ్చినవి. దుస్తుల కుట్టుపనికి ఎక్కువగా తీసికొనునది స్త్రీలనే గదా! ఈ మారు తెల్లవారకమున్నే బస్సెక్కునది ఇల్లాలు. ఆమె పేరు హాజరు పట్టీ కెక్కును, జీతము ఆమె ఖాతాలోనే పడును. ఆమెకు సద్ది ఎవరు కట్టుదురో మాత్రము ఆ యింటివారే తేల్చుకొనవలెను.