దున్నని నేలలో వన్యప్రాణుల మేత మడులు – నేల ఆరోగ్యం

అమెరికాలో తెల్లతోక జింకలు తిరిగే ప్రాంతాల్లో భూయజమానులు అడవి అంచున చిన్న చెక్కల్లో పైర్లు వేస్తారు. ఇవి ఇంటికి తెచ్చుకోవడానికి కాదు, జింకలు, అడవి టర్కీలు మేయడానికి. వీటిని మనం మేత మడులు అందాం. పెద్ద యంత్రాలు చేరలేని చోట్ల కూడా వీటిని వేయవలసి రావడం వల్ల దున్నకుండా విత్తే పద్ధతి వీటికి బాగా కుదిరింది. ఈ పద్ధతి నేలను ఎలా బాగుచేస్తుందో ఈ భాగంలో తెలుసుకుందాం.

దున్నితే ఏమవుతుంది?

దుక్కి వల్ల నేల గుల్లబారుతుంది గాని, అది తాత్కాలికం. లోపలికి గాలి ఎక్కువగా చేరడంతో సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని త్వరగా కుళ్ళబెడతాయి. అందులోని కార్బన్ కొంత కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసిపోతుంది. శిలీంధ్రాల పోగులు, వానపాముల బొరియలు తెగిపోతాయి. కప్పు లేని నేల మీద వాన పడితే పైపొర పెచ్చుకట్టి, నీరు ఇంకక పారిపోతుంది. 1930లలో అమెరికా మైదానాల్లో రేగిన ధూళి తుఫానులకు కరువుతో పాటు గడ్డినేలలను దున్నేయడం కూడా ముఖ్య కారణం.

విత్తే పద్ధతి

వేసవిలో బక్‌వీట్ వంటి పైరు పెంచుతారు. వేసవి చివర, వాన వచ్చే సూచన చూసి, నిలిచి ఉన్న పైరులోనే రై, క్లోవర్, ముల్లంగి విత్తనాలు వెదజల్లుతారు. తరవాత పైరును కోసి లేదా పడగొట్టి అక్కడే వదిలేస్తారు. ఆ కప్పు తేమను నిలుపుతుంది, కలుపును అణచుతుంది. చిన్న విత్తనాలు నేల మీదే మొలుస్తాయి. బఠానీ, మొక్కజొన్న వంటి పెద్ద గింజలను మాత్రం నేలలోపల విత్తితేనే మంచిది.

ఇక్కడ ఒక్కో మొక్క ఒక్కో పని చేస్తుంది. క్లోవర్ వేరుబొడిపెల్లోని బాక్టీరియా నత్రజనిని స్థిరీకరిస్తాయి. ముల్లంగి దుంప గట్టినేలలోకి దిగి, కుళ్ళాక దారి మిగులుస్తుంది. ముదిరిన రై గడ్డిలో నత్రజని కన్నా కార్బన్ ఎన్నో రెట్లు ఎక్కువ కనుక నిదానంగా కుళ్ళి, నేలను ఎక్కువ కాలం కప్పి ఉంచుతుంది.

మన మాగాణులతో పోలిక

ఇది మనకు పూర్తిగా కొత్త కాదు. కోస్తా ఆంధ్రలో వరి కోతకు కొద్ది రోజుల ముందు చేలో మినుము చల్లడం మీరు చూసే ఉంటారు. అదీ దున్నని సేద్యమే. తేడా ఒక్కటే: మనం గడ్డిని పశువులకు తరలిస్తాం, నేల మీద మోళ్ళే మిగులుతాయి. మేత మడిలో కప్పు నేలకే దక్కుతుంది. దుక్కి మానడం సగం పని మాత్రమే, నేలను కప్పి ఉంచడం మిగతా సగం.

పరిమితులు

గడ్డిజాతి మొండి కలుపు ఉన్నచోట చాలామంది కలుపు మందు వాడుతున్నారు. దుక్కి తప్పినా రసాయనం తప్పడం లేదన్న విమర్శ ఇందువల్లే వచ్చింది. నేల మెరుగుదల ఒక్క కారులో కనిపించదు, దానికి కొన్నేళ్ళు పడుతుంది. అడవి పందుల బెడద ఉన్న మన పల్లెల్లో పొలాల పక్కన మేత మడి వేస్తే నష్టమే. అక్కడినుంచి మనం తీసుకోవలసింది మడిని కాదు, నేలను కాపాడే సూత్రాన్ని.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. దుక్కి వల్ల సేంద్రియ పదార్థం ఎందుకు తగ్గుతుంది?
2. వరి మాగాణి మినుముకు, మేత మడికి గల పోలికను, తేడాను రాయండి.