ఏజెన్సీలో ఇంటి స్థలం కొంటున్నారా?

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. భద్రాచలం వైపు మాత్రం కట్టడం కంటే ముందు, స్థలం కొనడంలోనే ఉంది అసలు చిక్కంతా!

ఖమ్మం పట్నంలో సంగతి వేరు. మాస్టర్ ప్లాన్‌లో మీ జాగా వేరే జోన్‌లో పడిందనుకోండి, నివాస జోన్‌కి మార్చమని అర్జీ పెట్టుకోవచ్చు. టౌన్ ప్లానింగ్ వాళ్ళు పరిశీలించి పైకి పంపుతారు. అభ్యంతరాలుంటే చెప్పమని ప్రకటన వేస్తారు. ఒప్పుకుంటే రుసుము కట్టించుకుని ప్రభుత్వం జి.ఓ. ఇస్తుంది. తిరిగే ఓపిక ఉండాలి, అంతే.

గోదావరి దగ్గరకొచ్చేసరికి ఆ అర్జీ పారదు. ఇక్కడ నడిచేది 1/70 చట్టం. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌ను 1970లో సవరించారు. ఆ ఏడాది మొదటి రెగ్యులేషన్ కనుక ఆ పేరు. షెడ్యూలు ప్రాంతంలో ఏ స్థిరాస్తినైనా గిరిజనులకే అమ్మాలి, లేదా గిరిజనులే సభ్యులైన సహకార సంఘానికి అమ్మాలి. అమ్మేది గిరిజనేతరులైనా ఇదే రూలు! "అదంతా పొలాలకండీ, ఇంటి స్థలానికి కాదు" అని మధ్యవర్తులు తీయగా చెబుతారు. నమ్మకండి. 1988లో సుప్రీంకోర్టు కూడా ఈ చట్టం చెల్లుతుందనే తీర్పిచ్చింది.

మరి అంతమంది స్టాంపు కాగితం మీద రాసుకుని డాబాలు లేపారు కదా అంటారా? ఆ కాగితం మీకు హక్కు ఇవ్వదు. ఇంటి పన్ను రసీదూ, కరెంటు బిల్లూ కూడా అంతే. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే స్పెషల్ డిప్యూటీ కలెక్టరు ముందు నిలబడాల్సింది మీరే. గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకునే భారం మీదే. పనిచేసే కోయ అమ్మాయి పేర కొందామంటే అది బినామీ, అదీ చెల్లదు. గాజులు కుదువపెట్టి తెచ్చిన డబ్బు ఇలాంటి చోట పోస్తారా చెప్పండి?

ఇదేం చట్టమమ్మా అని విసుక్కోకండి. అప్పుల కింద గిరిజనుల భూములు షావుకార్ల చేతుల్లోకి పోతుంటేనే, 1917లో బ్రిటిష్ వాళ్ళు కూడా ఏజెన్సీకి వేరే చట్టం చేయాల్సివచ్చింది. మన డాబా కింద ఒకరి పొలం ఉండొచ్చు!

వారసత్వంగా వచ్చినదానికీ, వీలునామాకీ మాత్రం ఇబ్బంది లేదు. అమ్ముకుందామంటే కొనే గిరిజనులు దొరకడం లేదా? పరిహారమిచ్చి తీసుకోమని ప్రభుత్వ ఏజెంటుకి అర్జీ పెట్టుకోవచ్చు.

అడ్వాన్సు ఇవ్వకముందే తహసీల్దారు ఆఫీసులో ఆ ఊరు షెడ్యూలు గ్రామమా, కాదా అని రాతపూర్వకంగా అడగండి. కారేపల్లి, ఏన్కూరు వైపూ షెడ్యూలు గ్రామాలున్నాయి. ఖమ్మానికి దగ్గరే కదా అనుకోవద్దు.

అడవి అంచున పోడు చేసుకునే అక్కచెల్లెళ్ళకు మరో మాట. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చే పట్టాను అమ్మడానికి లేదు, పిల్లలకు మాత్రం దక్కుతుంది. పెళ్ళయినవాళ్ళకయితే భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వాలి. పట్టా చేతికొచ్చిందంటే మీ పేరు ఉందో లేదో చదివించుకోండి. లేకపోతే ఐటీడీఏ ఆఫీసులో అడగండి.