పాత జీపుకు కొత్త మేను

మానవుడు తాను నిర్మించిన ప్రతి వాహనాన్నీ తన నేలకు, తన పనికి తగినట్లు మలచుకుంటూనే వచ్చాడు. మన పల్లెల్లోని ఎడ్లబండే ఇందుకు చక్కని నిదర్శనం. ఇరుసు, చక్రాలు, నొగలు ఏళ్ల తరబడి అవే ఉంటాయి. కానీ గడ్డి తోలే రోజున బండి చుట్టూ పొడవాటి గుంజలు నిలుస్తాయి; ఎరువు తోలే రోజున తడకలు లేస్తాయి; పెళ్లికి వెళ్లే రోజున వెదురుబద్దల గూడు వెలుస్తుంది. బండిని నిలబెట్టే భాగం వేరు, బరువును ఇముడ్చుకొనే భాగం వేరు అన్న ఎరుక మన వడ్రంగులకు, రైతులకు ఏనాడో కలిగింది. ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దుల్లో ఆ ఎరుక ఎడ్లబండి నుంచి జీపుకు సంక్రమించింది. పాత జీపు బాడీని ఇంటివద్ద బాగుచేసుకొనే తీరు ఎట్టిది? అందులో ఏది మార్చవచ్చు, ఏది మార్చరాదు? ఈ విషయాలను ఈ పాఠంలో తెలుసుకుందాం.

అడవి దారికి జీపు వచ్చిన వైనం

జీపు యుద్ధభూమిలో పుట్టిన వాహనం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ సంస్థలు ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేశాయి. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తిని అందించగలగడం దీని విశిష్టత. అందువల్ల బురదలోనూ, ఇసుకలోనూ, రాళ్ల దారిలోనూ ఇది ముందుకు సాగగలిగింది. మనదేశంలో 1945లో ‘మహీంద్రా అండ్ ముహమ్మద్’ పేరుతో మొదలై, 1948లో ‘మహీంద్రా అండ్ మహీంద్రా’గా మారిన సంస్థ విల్లీస్ జీపులను ఇక్కడ కూర్చడం ప్రారంభించింది.

భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు 1959లో తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాలో చేరాయి. 1965లో గోదావరిపై వంతెన వాడుకలోకి వచ్చింది. అయినా దుమ్ముగూడెం, చర్ల, చింతూరు వైపు లోతట్టు గూడేలకు వెళ్లే దారులు చాలాకాలం వాగులు, వంకలు దాటే బండి బాటలుగానే మిగిలాయి. బస్సు పోలేని చోటికి జీపు పోయింది. ప్రభుత్వ శాఖలు వాడి, వేలం వేసిన పాత జీపులు క్రమంగా ప్రజల చేతికి వచ్చాయి. వెనుకభాగంలో ఎదురెదురుగా బల్లలు అమర్చుకొని, మనుషులను, సంతసరుకును మోసుకుంటూ అవి అడవి పల్లెలకు ప్రాణాధారాలయ్యాయి.

ఇటువంటి పరిణామం మన ప్రాంతానికే పరిమితం కాదు. యుద్ధానంతరం ఫిలిప్పీన్స్‌లో అమెరికా సైన్యం వదిలివెళ్లిన జీపులను అక్కడి ప్రజలు పొడిగించి, పైకప్పు వేసి, ‘జీప్నీ’లనే ప్రయాణవాహనాలుగా మార్చుకున్నారు. అవసరం ఎక్కడైనా మనిషి చేతికి సుత్తిని అందిస్తుంది.

మోసేది, మోయబడేది

పాత జీపులో అడుగున నిచ్చెన ఆకారంలో ఒక బలమైన ఉక్కు చట్రం ఉంటుంది. దీనినే ఛాసిస్ అంటారు. ఇంజను, ఇరుసులు, కమాను కట్టలు దీనికే బిగించబడి ఉంటాయి. రేకుతో చేసిన బాడీ ఈ చట్రంపై, మధ్య రబ్బరు దిమ్మలతో, బోల్టుల ద్వారా నిలుస్తుంది. బోల్టులు విప్పితే బాడీని పైకెత్తి పక్కన పెట్టవచ్చు. నేటి చిన్న కార్లలో చాలావాటికి బాడీయే చట్రం. వాటిలో ఒక భాగాన్ని కోస్తే బండి మొత్తం బలహీనపడుతుంది. ఇంటి వాకిట్లో జీపు బాడీని బాగుచేయగలగడానికి ఈ నిర్మాణభేదమే కారణం. అయితే, తేలికగా మార్చగలగడం వేరు, మార్చతగినది కావడం వేరు. ఈ సత్యం నాకు అనుభవంలో తెలిసింది.

మా ఇంటి జీపు

1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగుల మట్టానికి చేరింది. వేలంలో కొన్న మా జీపు ఆ వరదలో రెండు రోజులు మునిగి ఉంది. నీరు తీసిన తరువాత ఇంజనును శుభ్రం చేయించాం గాని, బాడీ మడతల్లో చేరిన ఒండ్రును ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఒండ్రు తేమను పట్టి ఉంచింది. ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసినచోట తుప్పు పుట్టక మానదు. రెండేళ్లు తిరిగేసరికి పైన రంగు చెక్కుచెదరకుండానే అడుగు రేకు జల్లెడగా మారింది.

మా పెద్దన్నయ్య బాడీని బాగుచేయించడంతో ఆగలేదు. వెనుకభాగాన్ని రెండడుగులు పొడిగించి, పైన బరువైన ఇనుప కారియర్ వేయించాడు. ఎవరి అనుమతీ అడగలేదు. ఊరంతా మెచ్చుకుంది. 1989లో, నేను ఇంటర్మీడియట్ చదువుతున్న రోజుల్లో, చర్ల దారిలో ఒక వాగు గట్టు దిగుతుండగా జీపు ఒక పక్కకు ఒరిగింది. లోపల పదిమందిమి ఉన్నాం. పైన ధాన్యం బస్తాలు ఉన్నాయి. వేగమేమీ లేదు. బండి నెమ్మదిగా, ఎవరో పడుకోబెట్టినట్లుగా పడిపోయింది. నా ఎడమచేయి విరిగింది. ఈనాటికీ ఆ చేతిని పూర్తిగా చాచలేను. ప్రాణనష్టం కలగకపోవడం మా అదృష్టం.

ఆ ప్రమాదానికి కారణం డ్రైవరు పొరపాటు కాదని, భౌతికశాస్త్రంలో గరిమనాభి పాఠం చదివినప్పుడు నాకు బోధపడింది. ఒక వస్తువు బరువంతా కేంద్రీకృతమైనట్లు భావించే బిందువే గరిమనాభి. దానినుంచి గీసిన నిట్టనిలువు గీత చక్రాల మధ్యనే నేలను తాకినంతసేపు బండి నిలుస్తుంది. గీత చక్రాన్ని దాటితే పడిపోతుంది. ఉదాహరణకు, రెండు చక్రాల నడుమ దూరం 1.2 మీటర్లు, గరిమనాభి ఎత్తు 0.6 మీటర్లు అనుకుందాం. లెక్క ప్రకారం ఆ బండి 45 డిగ్రీల వాలు వరకు నిలుస్తుంది. పైన బరువు వేసి ఆ ఎత్తును 0.9 మీటర్లకు పెంచితే, 34 డిగ్రీల లోపే ఒరిగిపోతుంది. నిజమైన దారిలో కమాను కట్టల ఊగు, గుంతల కుదుపు కలిసి ఈ పరిమితిని ఇంకా తగ్గిస్తాయి. ఇక వెనుకభాగాన్ని పొడిగిస్తే బరువు వెనుక ఇరుసు దాటిపోయి ముందు చక్రాలకు నేలపై పట్టు సడలుతుంది. మేము జీపుకు అందాన్నీ చోటునూ ఇచ్చామనుకున్నాం. దాని నిలకడను తీసివేశాం.

పని సాగే తీరు

మరుసటి వేసవిలో అన్నయ్య పొడిగింపును కోయించి, కారియర్‌ను తీయించి, బాడీని తొలి రూపానికి తెచ్చే పని పెట్టుకున్నాడు. టింకరింగ్ మేస్త్రి ఒకరు మా వాకిట్లోనే ఆ పని చేశారు. రేకు పట్టుకొని నిలబడడం నా వంతు. ఆనాడు చూసిన పనిని క్రమంగా వివరిస్తాను.

మొదటిది పరీక్ష. సుత్తితో మెల్లగా తడితే మంచి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న రేకు బొద్దుగా పలుకుతుంది. రెండవది జాగ్రత్త. బ్యాటరీ తీగలను విప్పాలి. ఈ తరహా పాత జీపుల్లో ఇంధనపు ట్యాంకు డ్రైవరు సీటు కిందనే ఉంటుంది. దానిని పూర్తిగా తీసి దూరంగా ఉంచాలి. ఖాళీ ట్యాంకే కదా అని ఉపేక్షించరాదు. అందులో మిగిలిన ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

మూడవది కోత. తుప్పును మంచి లోహం కనిపించేవరకు కోసివేయాలి. తుప్పుపై లప్పం పూసి రంగు వేయడం పుండుపై పట్టుగుడ్డ కప్పడం వంటిది. నాల్గవది కొలత. ముందుగా అట్టను ఆ ఖాళీకి సరిపోయేలా కత్తిరించి, దాని ప్రకారం రేకును కోయాలి. గేజి సంఖ్య పెరిగినకొద్దీ రేకు మందం తగ్గుతుంది: 18 గేజి రేకు సుమారు 1.2 మిల్లీమీటర్లు, 20 గేజి రేకు సుమారు 0.9 మిల్లీమీటర్లు ఉంటుంది. అడుగు రేకులో గాడులు, అంచుల్లో మడతలు ఉండడం అలంకారం కోసం కాదు. ఒక కాగితాన్ని చదునుగా పట్టుకుంటే వాలిపోతుంది. మడతలు పెడితే నిలుస్తుంది. రేకుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఐదవది అతుకు. పలుచని రేకును ఒక చివరనుంచి మరొక చివరకు ఏకధాటిగా వెల్డింగ్ చేస్తే వేడికి వ్యాకోచించి, చల్లారి ముడుచుకొని వంకరపోతుంది. కనుక ఇక్కడొకటి, అక్కడొకటిగా టాకాలు వేస్తూ, నడుమ చల్లారనిస్తూ కలపాలి. కళ్లకు రక్షణ అద్దం తప్పనిసరి. జింకు పూత ఉన్న రేకును అతికేటప్పుడు వచ్చే పొగ జ్వరాన్ని కలిగిస్తుంది, దానిని పీల్చరాదు. ఆరవది నునుపు. ఒక వైపు ఇనుప దిమ్మె ఆనించి, మరొక వైపు సుత్తితో తడుతూ సొట్టలు తీయాలి. చివరిది పూత. గరుకు కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడు పూసి, ఆపై రంగు వేయాలి. అడుగున నీరు జారే రంధ్రాలను మూయరాదు. మా జీపు ఆ రంధ్రాలు పూడుకుపోవడం వల్లనే లోలోపల క్షీణించింది.

చట్టం గీసిన గీత

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ వాహనాల మార్పులకు సంబంధించినది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదని 2000 నాటి సవరణ స్పష్టం చేసింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని ధ్రువపరిచింది. అదే సంవత్సరం వచ్చిన సవరణ చట్టం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలుశిక్ష, లేదా రెండూ విధించే వీలు కల్పించింది. బండి ముందు బిగించే ఇనుప కమ్మీలు బాటసారులకు ప్రమాదకరమని పేర్కొంటూ, వాటిపై చర్య తీసుకోవాలని కేంద్రం 2017 డిసెంబరులో రాష్ట్రాలను కోరింది.

కాబట్టి తుప్పు పట్టిన రేకు స్థానంలో అదే రూపంలో కొత్త రేకు వేయడం మరమ్మతు. పొడవు పెంచడం, సీట్ల సంఖ్య మార్చడం, ఛాసిస్‌ను కోయడం మార్పు. మొదటిది ఇంటి వాకిట్లో జరగవచ్చు; రెండవది తలపెట్టేముందు రవాణా శాఖ కార్యాలయాన్ని సంప్రదించాలి. రంగు సైతం రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదయ్యే వివరమేనని విద్యార్థులు గమనించాలి.

ముగింపు

పాత వస్తువును పారవేయక, దానికి మరికొంత ఆయుష్షు పోయడం మన సంస్కృతిలో భాగం. అది పొదుపు, పనితనం, పర్యావరణ స్పృహ కలగలిసిన గుణం. కానీ వస్తువును మలచుకొనే చేతికి దాని స్వభావం తెలియాలి. గూడుబండి కట్టిన మన పెద్దలు ఇరుసు ఎంత మోయగలదో ఎరిగే గూడు కట్టారు. తొలి రూపానికి తిరిగివచ్చిన మా జీపు తరువాత పదేళ్లకు పైగా అదే చర్ల దారిలో నడిచింది. ఆ వాగు గట్టు వద్దకు వచ్చిన ప్రతిసారీ అన్నయ్య బండి ఆపి, అందరినీ దింపి, ఒక్కడే దాటించేవాడు. ఆవలి ఒడ్డున మేము మళ్లీ ఎక్కేవాళ్లం.